కదిలితే ఒక్క దెబ్బ, నిలబడితే మూడు: మా ఆటలో ఎవరూ అడుగు తీసి అడుగు వేయడం లేదు

ప్రశ్న
తార్నాక నుంచి

అందరికీ నమస్తే. మూడేళ్ళుగా ప్రతి ఆదివారం సాయంత్రం మా డాబా మీద రోల్‌ప్లేయింగ్ ఆట (ఒక్కొక్కరూ ఒక పాత్రగా మారి కథని ముందుకు నడిపే ఆట) నడుపుతున్నాను. ఆడేది ఐదుగురు: మా తమ్ముడు, మా వదిన, ఇంటర్ నుంచి నాతో చదువుకున్న స్నేహితురాలు, ఆమె భర్త, మా పక్కింటి తొమ్మిదో తరగతి అబ్బాయి. ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పెడతారు కదా, అక్కడ దొరికిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 3.5 రూల్‌బుక్‌తో మొదలుపెట్టాం. ఇప్పటికీ రూల్స్ అవే. కథ మాత్రం మాది. గోల్కొండ లాంటి ఒక కోట, దాని చుట్టూ నెలల తరబడి ముట్టడి. చార్ట్ పేపర్ మీద అంగుళం గడులు గీస్తాను, ఒక్కో గడి ఐదడుగుల లెక్క. మనవాళ్ళకి చదరంగం పావులు, శత్రువులకి చింతపిక్కలు.

నా సమస్య చెప్తాను. తెలిసిన వాళ్ళకి ఇది పాత గొడవే, కానీ మా టేబుల్ మీద ఎలా వచ్చిందో చెప్తేనే మీకు అర్థమవుతుంది.

ఈ రూల్స్‌లో ఒక టర్న్‌లో నువ్వు కదిలితే ఒక్కసారే కొట్టగలవు. ఉన్నచోటే ఉండి, మహా అయితే ఒక్క గడి జరిగితే, నీకున్న దెబ్బలన్నీ కొట్టొచ్చు. చిన్న లెవెల్స్‌లో ఎవరికైనా ఉండేది ఒక్కటే దెబ్బ కాబట్టి ఇది మాకు తెలియలేదు. తమ్ముడి కత్తివీరుడు 6వ లెవెల్‌కి రాగానే రెండో దెబ్బ వచ్చింది. ఇప్పుడు 11వ లెవెల్, మూడు దెబ్బలు. మొదటిదానికి ఇరవై ముఖాల పాచిక మీద పడిన అంకెకి 16 కలుపుతాడు, రెండోదానికి 11, మూడోదానికి 6.

రెండు నెలల క్రితం పెద్ద పోరాటం పెట్టాను. కోట తలుపు ముందు ఇరుకు జాగా, అటు ఆరుగురు బల్లెంవాళ్ళు, వాళ్ళ వెనక ఒక ఏనుగు. రెండు పక్షాల మధ్య ఆరు గడుల దూరం. దానికోసం మూడు రోజులు కూర్చుని మ్యాప్ గీశాను. మొదటి టర్న్ తమ్ముడిది. వాడు మ్యాప్ వైపు కాసేపు చూసి, "నేను కదలను అక్కా, కాచుకుని ఉంటా. ముందు నేను వెళ్తే నాకు ఒక్క దెబ్బ. తిరిగి వాళ్ళు నిలబడి అన్ని దెబ్బలూ కొడతారు. వాళ్ళనే రానీ" అన్నాడు. వాడు అన్నది అక్షరాలా నిజం. బల్లెంవాళ్ళకి నేను మాత్రం అంతకంటే తెలివితక్కువ పని ఎందుకు చేయిస్తాను? వాళ్ళూ కాచుకున్నారు. రెండు రౌండ్లు (అందరికీ ఒక్కో టర్న్ అయితే ఒక రౌండ్) ఒకరినొకరు చూసుకుంటూ గడిచాయి. తర్వాత ఎలాగో కలబడ్డారు, కలబడ్డ చోటే గుంజ పాతినట్టు ఆగిపోయారు. మొత్తం ఏడు రౌండ్లు, మనవాళ్ళ ఐదుగురివీ కలిపి 35 టర్న్‌లు. నోట్‌బుక్‌లో గీతలు పెట్టుకుంటూ వచ్చాను: ఒక గడి కంటే ఎక్కువ కదిలిన టర్న్‌లు 6. అందులో 4 మాంత్రికుడివే, ఎందుకంటే మంత్రం వేసేవాడికి ఈ రూల్ తగలదు. కదిలినా వాడి మంత్రం పూర్తిగా పడుతుంది.

దీనికి తోడు శత్రువు పక్కనుంచి కదిలి పోతే వాడు ఒక దెబ్బ ఊరికే వేస్తాడు. మేం దాన్ని దారిదెబ్బ అంటాం. అంటే కదిలితే నీ దెబ్బలు పోతాయి, పైగా అవతలివాడికి ఒకటి ఎక్కువ వస్తుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరుసటి ఆదివారం అదే పోరాటం మళ్ళీ మొదటినుంచి ఆడదాం, ఈసారి ఎంతైనా కదలండి, అన్ని దెబ్బలూ కొట్టండి, దెబ్బకీ దెబ్బకీ మధ్య కూడా కదలొచ్చు అని చెప్పాను. దారిదెబ్బలు కూడా తీసేశాను. మొదటి పది నిమిషాలు చాలా బాగుంది. తమ్ముడు ఒకే టర్న్‌లో ముగ్గురి దగ్గరికీ వెళ్ళి ముగ్గురినీ కొట్టాడు, పక్కింటి అబ్బాయి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. తర్వాత ఏనుగు టర్న్ వచ్చింది. దానికి నాలుగు దెబ్బలు: తొండం, రెండు దంతాలు, కాలు. ఎనిమిది గడులు పరిగెత్తుకొచ్చి నాలుగూ మా వదిన విలుకత్తె మీద వేసింది. 62 ప్రాణం ఉన్న పాత్రకి ఒక్క టర్న్‌లో 71 పోయాయి. మైనస్ 9. ఇంకొక్కటి తగ్గితే పాత్ర చనిపోయినట్టే. వదినకి అప్పటికి ఒక్క టర్న్ కూడా రాలేదు. ఆమె ఏమీ అనలేదు. తన పాచికలు ఒక్కొక్కటిగా తీసి డబ్బాలో వేసుకుని, టీ పెట్టుకొస్తానని కిందికి వెళ్ళింది. అరగంట దాకా పైకి రాలేదు.

నాకు ఆ రెండు ఆదివారాలూ వద్దు. కదలడానికి వెల ఉండాలి, కానీ ఎవరూ కట్టలేనంత వెల కాదు. ఎన్ని అడుగులు వేస్తే ఎన్ని దెబ్బలు తగ్గాలి అని ఒక పట్టిక రాయబోయాను, అది బస్సు టైమ్‌టేబుల్‌లా తయారైంది. తొమ్మిదో తరగతి అబ్బాయి నోటికి చెప్పగలిగేంత చిన్న రూల్ కావాలి. రాత్రి తొమ్మిదిన్నరకి ఆట ముగించాలి, ఇద్దరు మెట్రోలో అమీర్‌పేట్ దాకా వెళ్ళి అక్కడ మారాలి. మీరంతా దీన్ని ఎలా సరిచేసుకున్నారు?


జవాబు
మియాపూర్ నుంచి

అక్కా, మీ తమ్ముడు చెప్పినదాన్ని ముందు అంకెల్లో పెడతాను. అప్పుడు తప్పు ఎక్కడుందో కనిపిస్తుంది.

బల్లెంవాళ్ళ ఆర్మర్ క్లాస్, అంటే దెబ్బ తగలాలంటే పాచికా కలిపిందీ కలిసి చేరాల్సిన అంకె, 20 అనుకుందాం. 16 కలుపుకునే మొదటి దెబ్బ 4 పడితే చాలు, అంటే నూటికి 85 సార్లు తగులుతుంది. రెండోది 60. మూడోది 35. నిలబడి మూడూ కొడితే సగటున 1.80 దెబ్బలు తగులుతాయి. కదిలితే 0.85. అడుగు వేసినందుకు 0.95 పోయింది, వాడి బలంలో 53 శాతం. ఇదే 6వ లెవెల్‌లో, 10, 5 కలుపుకుని 17 ఆర్మర్ క్లాస్ మీద కొట్టేటప్పుడు, 70, 45 శాతం. మొత్తం 1.15లో 0.45 పోతుంది, అంటే 39 శాతం. 5వ లెవెల్‌లో పోయేది సున్నా. రూల్ ఒక్క అక్షరం మారలేదు, పాత్ర పెరిగేకొద్దీ దాని కాళ్ళు బరువెక్కుతూ వచ్చాయి. యోధుడు పెద్దవాడయ్యేకొద్దీ ఇంకా చురుగ్గా కదలాలని మనం అనుకుంటాం, ఆట మాత్రం వాణ్ణి నేలకి మేకు కొట్టి పెడుతుంది. నేను 2012లో ఆడటం మొదలుపెట్టినప్పుడు ఇదే బాధ పడ్డాను, అందుకే ఇంత వివరంగా చెప్తున్నాను.

ఇప్పుడు అసలు విషయం. మీ రూల్‌లో ఒక అడుగు కొనాలంటే రెండో దెబ్బ, మూడో దెబ్బ రెండూ కలిపి ఇచ్చేయాలి. చిల్లర లేదన్నట్టు. చిల్లర ఇవ్వండి, సమస్య సగం తీరిపోతుంది.

పాత్‌ఫైండర్ అని ఇలాంటిదే ఇంకో ఆట ఉంది. దాని రెండో ఎడిషన్, 2019లో వచ్చింది, ఈ పనే చేసింది. అంతకుముందు 2015లో మొదటి ఎడిషన్‌కి ఐచ్ఛిక రూల్‌గా ఇలాంటిదే ఇచ్చారు. టర్న్‌కి మూడు పనులు. కదలడం ఒక పని, కొట్టడం ఒక పని, తలుపు తెరవడం ఒక పని. మూడుసార్లూ కొట్టొచ్చు, కానీ రెండో దెబ్బకి మైనస్ 5, మూడోదానికి మైనస్ 10. మీ తమ్ముడికి ఇప్పుడున్న 16, 11, 6 కూడా సరిగ్గా అవే అంకెలు కదా! కాబట్టి మీరు క్యారెక్టర్ షీట్ మీద ఏమీ చెరపక్కర్లేదు. మారేది ఒక్కటే: ఒక్కసారి కదిలితే మూడో దెబ్బ మాత్రమే పోతుంది, అదీ 35 శాతం తగిలే దెబ్బ. 1.80 కాస్తా 1.45 అవుతుంది. 53 శాతం నష్టం 19 శాతానికి దిగింది.

ముందు వెళ్ళినవాడికి ఎంత నష్టమో కూడా చూడండి. పాత రూల్‌లో వెళ్ళినవాడు 0.85, కాచుకున్నవాడు 1.80. ఇప్పుడు 1.45కి 1.80. ఆ తేడాకి భయపడి రెండు రౌండ్లు ఎవరూ కూర్చోరు.

మీ దగ్గర చింతపిక్కలు ఎలాగూ ఉన్నాయి కాబట్టి టర్న్ మొదట్లో చేతికి మూడు ఇవ్వండి. పని చేసిన ప్రతిసారీ ఒకటి మధ్యలో పెట్టాలి. ఆ అబ్బాయికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు. చాలా మంత్రాలకి రెండు పిక్కలు పెట్టించండి, పాత్‌ఫైండర్‌లో కూడా ఎక్కువ మంత్రాలకి రెండు పనులే. లేకపోతే మాంత్రికుడు ఒక్కడే రాజాలా తిరుగుతాడు. ఏనుగుకీ మూడే పిక్కలు. దానికి నాలుగు దెబ్బలున్నా సరే, పరిగెత్తుకొస్తే రెండే కొడుతుంది.

ఇంకొకటి: దారిదెబ్బ అందరికీ ఇవ్వకండి. పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో మొదటినుంచీ అది ఉండేది ఫైటర్‌కే (యోధుడి పాత్రకే), మిగతావాళ్ళు తర్వాత ఎప్పుడో ఎంచుకోవాలి. శత్రువుల్లో కూడా కొందరికే ఉంటుంది. ఎవరికుందో తెలియదు కాబట్టి జనం ధైర్యం చేసి కదులుతారు.


జవాబు
ధూల్‌పేట నుంచి

అమ్మా, నేను ఈ ఆట ఆడను. మా అబ్బాయి ఆడతాడు, వాడే నీ ప్రశ్న చదివి వినిపించాడు. చిన్నప్పుడు తాలీమ్‌లో, అంటే వ్యాయామశాలలో, ఏడేళ్ళు కర్రసాము నేర్చుకున్నాను, ఇప్పుడు మా వీధి పిల్లలకి నేర్పుతున్నాను. అందుకని ఒక మాట చెప్పాలనిపించింది.

మీరంతా అడుగు వేరు, దెబ్బ వేరు అని లెక్క కడుతున్నారు. చేతిలో కర్ర పట్టుకున్నవాడికి అవి రెండూ ఒకటే. మొదటి నెల నేను పిల్లలకి కర్ర ఇవ్వను. అడుగులే నేర్పిస్తాను. కుడికాలు ముందుకి పడుతుంటే నడుము తిరుగుతుంది, నడుము తిరిగితే భుజం వస్తుంది, భుజం వెంట కర్ర వస్తుంది. కాలు కదలకుండా చేత్తో కొట్టిన దెబ్బ దుమ్ము దులిపినట్టు ఉంటుంది. మూడు దెబ్బలు కొట్టినవాడు మూడు అడుగులు వేసే ఉంటాడు. అవి చిన్న అడుగులు, ఒక చాప మీద పట్టేంత. నలుగురు చుట్టుముడితే నిలబడి తిప్పేవాడు నాలుగో వాడి చేతిలో పడిపోతాడు. కాళ్ళు తెలిసినవాడు పక్కకి జరుగుతూ నలుగురినీ ఒకరి వెనక ఒకరు వరసలోకి తెచ్చుకుంటాడు, అప్పుడు ఎదురుగా ఉండేది ఒక్కడే.

పరుగు సంగతి వేరు. పరిగెత్తుకొచ్చి కొట్టేది ఒకటే దెబ్బ. బరువంతా దాంట్లోనే పోతుంది, ఆగి మళ్ళీ కాళ్ళు సర్దుకునేదాకా రెండోది రాదు. కాబట్టి నా ఆలోచన, దూరం పరిగెత్తితే దెబ్బలు తగ్గించు, అది న్యాయమే. కానీ ప్రతి దెబ్బతోపాటు ఒక గడి జరగనివ్వు. దానికి పిక్క అడగకు.

ఏనుగు గురించి కూడా ఒకటి. నువ్వు గోల్కొండ లాంటి కోట అన్నావు. బాలాహిస్సార్ దర్వాజా ముందు అడ్డంగా ఒక గోడ ఉంటుంది చూశావా? తలుపు కనపడకుండా నిలబడి ఉంటుంది. పిల్లల్ని తీసుకెళ్ళిన ప్రతిసారీ అక్కడ ఆపి చూపిస్తాను. ఏనుగు తలుపుని గుద్దాలంటే దానికి ఉరవడి కావాలి, ఉరవడికి తిన్నని జాగా కావాలి. ఆ గోడ వల్ల ఏనుగు పక్కనుంచి వచ్చి మలుపు తిరగాల్సిందే, తిరిగాక పరుగు తీయడానికి చోటు ఉండదు. ఫతే దర్వాజా తలుపులకి ఇనుప మేకులు కూడా అందుకే. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు బయటే కూర్చుంది, చివరికి లోపలివాళ్ళు తలుపు తీస్తే లోపలికొచ్చింది. నీ ఏనుగు ఎనిమిది గడులు తిన్నగా పరిగెత్తిందంటే ఆ గోడ నీ మ్యాప్‌లో లేదన్నమాట. గియ్యి తల్లీ.


జవాబు
ఉప్పల్ నుంచి

మేడమ్, మొదటి జవాబు లెక్కలు సరైనవే, కానీ వెల తగ్గించగానే జనం కదులుతారన్నది నా అనుభవంలో నిజం కాదు. మేం మీ ఆటదే 5వ ఎడిషన్ ఆడతాం, 2014ది. అందులో కదలడం పూర్తిగా ఉచితం. 30 అడుగులు నీవి, రెండు దెబ్బల మధ్య విడగొట్టుకుని కదలొచ్చు, ఒక్క దెబ్బా పోదు. అయినా మా టేబుల్ మీద యోధులు శత్రువు పక్కకి చేరాక కదలరు. ఎందుకంటే అక్కడినుంచి వెళ్తే దారిదెబ్బ పడుతుంది, వెళ్ళి సాధించేది ఏమీ లేదు. ఇంకో చోట ఇంకో శత్రువు ఉంటాడు, అంతే.

నేను చేసింది రూల్ మార్చడం కాదు. ప్రతి పోరాటంలో రౌండ్ రౌండ్‌కీ మారే ఒక విషయం పెట్టడం మొదలుపెట్టాను. తలుపు మూడు రౌండ్లలో మూసుకుపోతుంది. పైనుంచి కాగిన నూనె పోస్తున్నారు, ఏ గడి మీద పోస్తారో ఒక రౌండ్ ముందే తెలుస్తుంది. జెండా మోసేవాడు పారిపోతున్నాడు. అప్పుడు చూడాలి, దారిదెబ్బ తిని మరీ పరిగెడతారు.

ఇంకో మాట, ఈ తలనొప్పి మొదటినుంచీ ఇంత లేదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ పాత అడ్వాన్స్‌డ్ ఎడిషన్‌లో రౌండ్ అంటే ఒక నిమిషం. ఆ నిమిషంలో ఎన్నోసార్లు కత్తులు తగులుతాయి, పాచిక వేసేది అందులో పనికొచ్చే అవకాశానికి మాత్రమే. 7వ లెవెల్ ఫైటర్‌కి రెండు రౌండ్లకి మూడు దెబ్బలు, 13వ లెవెల్‌కి రౌండ్‌కి రెండు. 2000లో మూడో ఎడిషన్ రౌండ్‌ని 6 సెకన్లు చేసి, ప్రతి పాచికనీ ఒక దెబ్బగా చూపించింది. అక్కడినుంచే అడుగులు, దెబ్బలు ఒకే సంచిలో చిల్లర కోసం కొట్టుకుంటున్నాయి. మీకు గడులు గీయడమే భారమనిపిస్తే దగ్గర, దూరం అని రెండే మాటలతో ఆడే ఆటలు కూడా ఉన్నాయి. 13వ ఏజ్ అనే ఆటలో గడులే లేవు. కానీ మీరు మూడు రోజులు కూర్చుని మ్యాప్ గీసేవారు, మీకది నచ్చదేమో.


అడిగినవారి నుంచి
రెండు ఆదివారాల తర్వాత

అందరికీ చాలా చాలా థాంక్స్. ముగ్గురు చెప్పినవీ కలిపి ఆడాం. ఏం జరిగిందో వివరంగా రాస్తాను, మీకు తెలియాలి.

ముందు అంకుల్ చెప్పిన గోడ. గురువారం సెలవు పెట్టి గోల్కొండ వెళ్ళాను. ఎన్నిసార్లు వెళ్ళానో, ప్రతిసారీ ఆ గోడ పక్కనుంచే లోపలికి నడిచాను, ఒక్కసారీ అది ఎందుకుందని అనుకోలేదు. అక్కడ నిలబడి అడుగులు కొలిచాను. గోడకీ తలుపుకీ మధ్య ఏనుగు తిరగగలదు, పరిగెత్తలేదు. ఇంటికొచ్చి మ్యాప్ మళ్ళీ గీశాను.

రూల్స్ ఇలా పెట్టాను. టర్న్‌కి మూడు చింతపిక్కలు. కదలడానికి ఒకటి, ఆరు గడుల వరకు. కొట్టడానికి ఒకటి, రెండో దెబ్బకి మైనస్ 5, మూడోదానికి మైనస్ 10. మంత్రానికి రెండు. ప్రతి దెబ్బతో ఒక గడి ఉచితం. దారిదెబ్బ బల్లెం పట్టుకున్నవాళ్ళకే, రౌండ్‌కి ఒక్కటే. పక్కింటి అబ్బాయి దీన్ని ఒక్కసారి విని తిరిగి అప్పజెప్పాడు. ఉప్పల్ నుంచి రాసిన వారి మాట విని తలుపు కూడా కదిలించాను: లోపల గడియ వేయడానికి నలుగురు దూలం మోసుకొస్తున్నారు, ఐదో రౌండ్ చివర తలుపు పడిపోతుంది.

తమ్ముడు మొదటి టర్న్‌లోనే వెళ్ళాడు. ఒక పిక్క పెట్టి ఐదు గడులు, రెండో పిక్కతో ఒకణ్ణి కొట్టాడు, మూడోది చేతిలో పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. కొట్టాలా, వెనక్కి రావాలా అని. మూడేళ్ళలో వాడు ఒక టర్న్‌లో అలా ఆలోచించడం నేను చూడలేదు. ఇదివరకు వాడి టర్న్ అంటే మూడు పాచికలు ఒకేసారి విసరడమే. చివరికి వెనక్కి వచ్చాడు. బల్లెంవాడు వాడి దగ్గరికి రావడానికి తన పిక్క ఒకటి ఖర్చుపెట్టాల్సి వచ్చింది, అక్కడ వదిన బాణం సిద్ధంగా ఉంది.

ఏనుగు మూడో రౌండ్‌లో గోడ మలుపు తిరిగి వచ్చింది. ఒక పిక్క నడకకి, రెండు పిక్కలు దెబ్బలకి, రెండూ వదిన మీదే. 62లో 38 పోయాయి. 24 మిగిలాయి. టేబుల్ చుట్టూ ఎవరూ మాట్లాడలేదు, అందరూ వదిన వైపే చూశారు. ఆమె మ్యాప్ మీదికి వంగి వేలితో గడులు లెక్కపెట్టి, ఒక పిక్కతో గోడ వెనక్కి వెళ్ళింది. ఏనుగు మళ్ళీ ఆమెని చేరాలంటే గోడ చుట్టూ తిరగాలి, దానికి రెండు పిక్కలు. మిగిలిన రెండు పిక్కలతో గోడ అంచునుంచి మావటిని కొట్టింది. మొదటి బాణం తప్పింది. మైనస్ 5తో వేసిన రెండోది తగిలింది, పాచిక 17. ఆరు రౌండ్లు ఆడాం, 30 టర్న్‌లు. ఒక గడి కంటే ఎక్కువ కదిలినవి 17. ఐదో రౌండ్‌లో తలుపు పడకముందే పక్కింటి అబ్బాయి దొంగ పాత్ర లోపలికి దూరింది. తొమ్మిదీ పదికి ముగించాం.

ఇబ్బందులూ వచ్చాయి. మాంత్రికుడు ఆడే ఆయనకి మొదట బాధ కలిగింది, తనది తగ్గించి మిగతావాళ్ళకి ఇచ్చినట్టుంది అన్నాడు. అది నిజం కూడా. ఆయనతో కూర్చుని చిన్న మంత్రాలు నాలుగింటికి ఒక్క పిక్కే అని ఒప్పుకున్నాను.

పెద్ద ఇబ్బంది, దెబ్బతో వచ్చే ఉచిత గడి. రెండో ఆదివారానికి తమ్ముడికి దాని రుచి తెలిసింది. మూడు దెబ్బలు, మూడు గడులు. తగిలినా తప్పినా వాడు శత్రువు చుట్టూ తిరిగి ప్రతిసారీ వెనక వైపుకి చేరుతున్నాడు. ఇప్పుడు ఎవరూ కదలడానికి పిక్క పెట్టడం లేదు, గాలిని కొట్టి కదులుతున్నారు. అంకుల్, ఆ గడి తీసేయాలని నాకు లేదు, దానివల్లే పోరాటానికి ప్రాణం వచ్చింది. ఏం చేయమంటారు?


జవాబు
ధూల్‌పేట నుంచి

సెలవు పెట్టి వెళ్ళి చూశావంటే చాలా సంతోషంగా ఉందమ్మా.

నేను సగమే చెప్పాను, తప్పు నాది. దెబ్బతోపాటు వేసే అడుగు మన ఇష్టం వచ్చిన వైపు పడదు. దెబ్బ తగిలితే ఎదుటివాడు వెనక్కి తగ్గుతాడు, వాడు ఖాళీ చేసిన చోట మన కాలు పడుతుంది. తప్పిన దెబ్బకి మనమే తూలుతాం, అడుగు ఎక్కడినుంచి వస్తుంది? తగిలితే వాణ్ణి ఒక గడి వెనక్కి జరిపి ఆ గడిలోకి నువ్వు రా. తప్పితే ఉన్నచోటే ఉండు. చుట్టూ తిరిగి వెనక్కి చేరాలంటే పిక్క పెట్టాల్సిందే.


జవాబు
మియాపూర్ నుంచి

అంకుల్ చెప్పింది లెక్కలో కూడా బాగా కుదురుతుంది. మూడో దెబ్బ 35 శాతమే తగులుతుంది కాబట్టి దాంతో గడి వస్తుందని నమ్ముకుని ఎవరూ గాలిలో కొట్టరు. మీ తమ్ముడికి సగటున మూడు దెబ్బలకి 1.80 గడులు, అవి కూడా ముందుకే. ఒకటి మాత్రం చూసుకోండి అక్కా, వెనక గోడ ఉంటే శత్రువు ఎక్కడికి జరుగుతాడు? జరగలేనివాడికి ఏమవుతుందో ఆదివారంలోపు రాసిపెట్టుకోండి. మీ తమ్ముడు మొదట అడిగేది అదే.


అడిగినవారి నుంచి

రాత్రే అడిగాడు. వెనక జాగా లేకపోతే ఎవరూ జరగరు, కొట్టినవాడికీ గడి రాదు, కానీ తగిలించుకున్నవాడు తర్వాతి టర్న్‌లో రెండు పిక్కలతోనే ఆడాలి అని రాసుకున్నాను. ఏనుగుని ఎవరూ వెనక్కి జరపలేరు, అదీ రాశాను. ఇక మిగిలింది వదిన విల్లు. ఆమెకి కదలాల్సిన పని తక్కువ, మూడు పిక్కలూ బాణాలకే పోతున్నాయి. నాకది ఎక్కువేమో అనిపిస్తోంది, ఆమెకి అనిపించడం లేదు. ఈ ఆదివారం ఆమెకి ఎన్ని బాణాలు తగులుతాయో గీతలు పెట్టి, అంకెలతో మళ్ళీ వస్తాను.